ఒరెస్తె ముక్కు

"మా ఆవిడకి వైన్ అంటే గ్లాసులు కడగడమే" అన్నాడు మా ఆయన ఒరెస్తె, వచ్చిన పెద్దమనిషిని నవ్వించడానికి. ఆ పెద్దమనిషి నవ్వాడు. అత్తయ్య చెజీరా కూడా నవ్వింది. నేను గ్లాసులు తుడుస్తూనే ఉన్నాను.

వచ్చినాయన పేరు గవెల్లో. ఆస్తి అనే ఊళ్ళో భోజనశాల నడుపుతాడు. మధ్యాహ్నం పనివాళ్ళు ఇంత పాస్తాతో పాటు కూజాలో పోయించుకుని తాగే వైన్, ఏటా మా దగ్గరే కొంటాడు. మాది గొప్ప వైన్ కాదు, బార్బెరా. పుల్లగా, సూటిగా, అన్నం సహించేలా చేసే వైన్. దాన్ని రుచి చూసి ఎంచుకోవడానికి ఏటా మా ఇంటికి భోజనానికొస్తాడు.

తొమ్మిదేళ్ళ క్రితం ఒక జ్వరంలో ఒరెస్తెకి వాసన తెలియడం పోయింది. కాఫీ మాడినా తెలియదు. "ఎవరికీ చెప్పకు ఎర్సీలియా, ముక్కు లేనివాడి దగ్గర వైన్ ఎవడు కొంటాడు?" అని నా చేతులు పట్టుకుని ఏడ్చాడు. నాకు జాలేసింది. అప్పట్నుంచి ద్రాక్ష ఎప్పుడు కోయాలో, ఎప్పుడు పిండాలో, ఏ పీపా ఎప్పుడు ఖాళీ చేయాలో వాసన చూసి చెప్పేది నేను. కూలీల ముందు గొంతు సవరించుకుని ప్రకటించేది తను. "ఒరెస్తె ముక్కంటే ముక్కే" అని ఊరంతా అంటుంటే, నా పక్కనే నిలబడి తలూపేవాడు. పడకలో కూడా ఒక్క థాంక్స్ లేదు. రానురానూ తనే నమ్మేశాడేమో అనిపించేది.

గవెల్లో వచ్చిన రోజు పొద్దున్నే చెప్పాను, మూడో పీపాకి బూజు పట్టింది, ముట్టుకోకు అని. "సర్లే, తెలుసు" అన్నాడు, కొత్త చొక్కా బొత్తాలు పెట్టుకుంటూ.

గవెల్లో ఎదుట గొప్పలు చెప్పుకునే సందడిలో కింద పీపాలుండే నేలమాళిగలోకెళ్ళి అందులోంచే కూజా నింపుకొచ్చాడు. గుమ్మంలోకి వస్తుంటేనే నాకు తడిసిన గోనెసంచి వాసన కొట్టింది. ఒక్క దగ్గు దగ్గితే చాలు, ఆగిపోయేవాడు. తొమ్మిదేళ్ళూ దగ్గాను. ఆ రోజు చీజ్ తురుముతూ ఉండిపోయాను.

"తాగి చూడండి, ఈ ఏడు అమృతం!" అని తనే ముందు గడగడా తాగాడు.

గవెల్లో ఒక్క గుక్క నోట్లో పెట్టుకుని గ్లాసు దించేశాడు. "ఏంటయ్యా ఒరెస్తె, వేళాకోళమా? బూజు కొడుతోంది!"

ఒరెస్తె మొహం పాలిపోయింది. ఒక్క క్షణమే. చటుక్కున నా వైపు తిరిగాడు. "పీపాలు కడిగేది ఈవిడే. ఎన్నిసార్లు చెప్పినా బుర్రకెక్కదు. సిగ్గుండాలి!"

తురుము పళ్ళెం కింద పెట్టాను.

"అవును, కడిగేది నేనే. తొమ్మిదేళ్ళుగా మీరు మెచ్చుకున్న ప్రతి బార్బెరా వాసన చూసి తేల్చిందీ నేనే. ఈయనకి వాసన తెలీదు గవెల్లో గారూ."

"ఇంటి పరువు తీశావు కదే!" అని అత్తయ్య గుండెల మీద సిలువ గీసుకుంది. గవెల్లో నన్ను చూడలేదు. లేచి వెళ్ళి ఒరెస్తె భుజం మీద చెయ్యి వేశాడు.

"పాపం! ఇన్నేళ్ళూ ఒక్కడివే ఎంత బాధ దిగమింగావయ్యా!"

ఇద్దరి కళ్ళలోనూ నీళ్ళు. నేనక్కడ లేనట్టే. పాస్తా చల్లారిపోతోంటే, ఎవరూ పిలవకుండానే కుర్చీ లాక్కుని కూర్చుని, నా వాటా నేను పూర్తిగా తినేశాను.

ద్రాక్ష కోతల సెప్టెంబరు వచ్చింది. కూలీలు బుట్టలు పట్టుకుని వాకిట్లో నిలబడ్డారు. ఒరెస్తె వెనక తలుపు లోంచి వంటింట్లోకొచ్చి గుసగుసగా అడిగాడు.

"ఎర్సీలియా, ఈ రోజు కోద్దామా?"

"వాకిట్లోకి నడు" అన్నాను. "అక్కడ, వాళ్ళందరి ముందూ, ఇదే మాట గట్టిగా అడుగు."