చెంచాడు చక్కెర

క్యాన్సర్ చక్కెర తిని బతుకుతుందని, తీపి మానేస్తే అది ఆకలితో చస్తుందని ఒక నమ్మకం ఉంది. ప్రయోగశాలలో కణాలకు ఆహారద్రవం కలిపే ఆమె ఆ మాటను ఎవరో చెబితే నమ్మలేదు. కళ్లారా చూసి నమ్మింది. క్యాన్సర్ కణాలున్న సీసాలో ఎర్రటి ద్రవం మిగతా వాటికంటే ముందే పసుపుపచ్చగా మారేది. పసుపంటే లోపలి చక్కెర ఖర్చై ద్రవం పులిసిందని అర్థం. అది గమనించిన సాయంత్రమే ఇంట్లో చక్కెర డబ్బా అటకెక్కింది.

ఆ ఉదయం కూడా భర్త దిండుకు ఆనుకుని కాఫీ ఒక గుక్క తాగి మొహం చిట్లించాడు. క్యాన్సర్ ఆయన బుగ్గలను లోపలికి లాగేసింది. చేతి గడియారం మోచేతి దాకా జారుతోంది.

"ఇది కాఫీయా, గిన్నె కడిగిన నీళ్లా?"

"మందనుకుని తాగండి."

"మందుకైనా కాస్త తేనె కలిపిస్తారే తల్లీ!"

ఆమె నవ్వలేదు. పెళ్లైన కొత్తలో గ్లాసు అడుగున మిగిలిన చక్కెరను వేలితో తీసి ఆమె నోట్లో పెట్టిన మనిషి. ఆ తీపిని ఆమె నాలుక ఇప్పటికీ వెతుక్కుంటుంది. ఆయన బతకాలి, మళ్లీ అలా పెట్టాలి. అందుకే ఈ కాఠిన్యం.

మధ్యాహ్నం పరిశోధకురాలు ఆమెను సూక్ష్మదర్శిని దగ్గరికి పిలిచింది. చక్కెర తగ్గించిన సీసాలో క్యాన్సర్ కణాలూ, వాటిని చంపవలసిన ఒంటి రక్షక కణాలు, అంటే టి-కణాలూ కలిసి ఉన్నాయి.

"చూడక్కా, ముందు చేతులెత్తేసింది మనవాళ్లే. పోట్లాడాలన్నా చక్కెర కావాలిగా! ఉన్న కాస్తా అవతలివాళ్లు లాగేసుకున్నారు."

ఆమె సూక్ష్మదర్శిని మీంచి తలెత్తింది. "మరి మనిషికి తీపి మాన్పిస్తే?"

"మనిషేమైనా సీసానా అక్కా? నోటికి మాన్పిస్తే కాలేయమే తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. జబ్బుకి అందేది అందుతూనే ఉంటుంది. నోరు చప్పబడ్డం తప్ప ఒరిగేదేం లేదు."

సెలవడిగి ఇంటికి వచ్చేసరికి కిటికీలో ఎండ ఇంకా ఉంది. అటక మీంచి దించిన డబ్బాలో చక్కెర గడ్డకట్టింది. చెంచాతో పొడిచి, కాఫీలో వేసి, కరిగేదాకా తిప్పి ఇచ్చింది. ఆయన ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. రెండో గుక్కకు తెరిచాడు.

"ఏంటీ, జబ్బుతో రాజీ పడ్డావా?"

"నాదే పొరపాటండీ."

"ఇంకో చెంచా వెయ్యి, మాఫీ చేస్తా."

ఆమె వంటింట్లోకి వెళ్లి, గడ్డ గీకి చెంచా నింపి, ఒలక్కుండా రెండో చెయ్యి కింద పెట్టుకుని వచ్చింది. ఆయన తల గోడవైపు ఒరిగి ఉంది. పిలిచింది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది.

పక్కింటివాళ్లు వచ్చేసరికి గ్లాసులో కాఫీ సగం ఉంది. పక్కన స్టూలు మీద చెంచా, చెంచా నిండా చక్కెర.