దయారత్నంగారి అరనిమిషం ప్రార్థన

దయాకుమారికి ఇంకొక్క తప్పు మిగిలింది. అది కూడా చేసిందంటే వార్డు ఇన్‌చార్జి పని ఖలాస్.

దుబాయ్ పక్కనున్న రాస్ అల్ ఖైమాలో ఆ ప్రైవేటు ఆస్పత్రి ఐటీ వాళ్లకి అదో సరదా. టెస్టు పేరుతో దొంగ మెయిళ్లు వాళ్లే పంపుతారు, అందులో లింకు నొక్కిన నర్సు పేరు పక్కన వాళ్లే ఎర్ర గుర్తు పెడతారు. మూడు పడితే ఇన్‌చార్జి ఊడుతుంది. పన్నెండు గంటల డ్యూటీలో ఒక చేత్తో సెలైన్ బాటిల్ పట్టుకున్న మనిషి రెండో చేత్తో ఏం నొక్కిందో ఆ మనిషికే తెలీదు. దయాకుమారి మొదటిసారి బిర్యానీ కూపన్ నొక్కింది. రెండోసారి సెలవు మంజూరైందన్నారు. మూడేళ్లుగా సెలవెరగని మనిషి నొక్కక ఏం చేస్తుంది?

సోమవారం మధ్యాహ్నం ఫోను మోగింది. కొత్త నంబరు. గొంతు మాత్రం తెలుగు ఫెలోషిప్ పెద్ద దయారత్నంగారిది. రోజూ పొద్దున్నే నాలుగువందల ఇళ్లకి వాట్సాప్ ప్రార్థనలో వినబడే గొంతు.

"తల్లీ దయా, నా ఫోను పోయింది. మన మెడికల్ క్యాంపు లిస్టు కోసం మీ ఆస్పత్రి వాళ్లు పంపిన కోడు పొరపాటున నీకొచ్చిందట. కాస్త చెప్పమ్మా."

నిజంగానే ఆరంకెల కోడు వచ్చి ఉంది. వీసా ఇరుక్కున్నా, బిడ్డకి జ్వరమొచ్చినా వీళ్లంతా ముందు పరిగెత్తేది ఆయన దగ్గరికే. ఆయన అడిగితే కాదనేదెవరు? కానీ ఆయనతో ఏ పనైనా ప్రార్థనయ్యాకే. అది అలవాటు.

"చెప్తానండి అయ్యగారూ. ముందు మా అమ్మ మోకాళ్ల కోసం ఒక్క ప్రార్థన చెయ్యండి."

"ప్రభువా, ఆ తల్లి మోకాళ్లు బాగుచేయుము. ఆమేన్. కోడు చెప్పమ్మా."

దయాకుమారి గోడ గడియారం చూసింది. అరనిమిషం కూడా కాలేదు! దయారత్నంగారు మొదలెడితే దేశాన్నేలే షేకులు, విమానాల పైలట్లు, క్వారీల్లో కూలీలు అందరూ అయ్యి మన మోకాళ్ల దాకా వచ్చేసరికి అన్నం చల్లారిపోతుంది.

"పైలట్లని మర్చిపోయారేంటండీ?"

"కోడు చెప్పు తల్లీ. టైము లేదు."

"దయారత్నంగారికి టైము లేదా? ఎవడ్రా నువ్వు!"

ఫోను పెట్టేసి ఐటీ గదికి పరుగెత్తింది. ఎర్ర గుర్తులు పెట్టే హైదరాబాదు ఇంజినీరు నాగచైతన్య కంప్యూటర్‌లో చూసి తెల్లబోయాడు.

"ఇది మా టెస్టు గాదు సిస్టర్, అసలు దొంగలే. మీ పాస్‌వర్డ్ ఆళ్లకు ఎప్పుడో దొరికింది. వాట్సాప్ ఆడియోలకెళ్లి గొంతు తయారు చేసిన్రు. కోడు చెప్పుంటే పేషెంట్ల రికార్డులన్నిటికీ తాళమేసి పైసలు అడిగేటోళ్లు."

ఆమె అకౌంటు మూశాడు, పాస్‌వర్డ్ మార్చాడు, ఆస్పత్రి మొత్తానికి సందేశం కొట్టాడు: ఎవరి గొంతైనా సరే నమ్మొద్దు, పెట్టేసి మీకు తెలిసిన నంబరుకి మీరే తిరిగి చేయండి.

"అయ్యిందా? ఇప్పుడు నా రెండు గుర్తులు తీసెయ్ బాబూ."

"అట్ల తీసెయ్యనీకి రాదు సిస్టర్. ముదీర్ ఒప్పుకోవాలె."

దయాకుమారి అతని కుర్చీ లాక్కుని కూర్చుంది. "అయితే ఆస్పత్రి పెద్దనే అడుగు. నువ్వు ఆడిన దొంగాటకి నాకు శిక్షా? అసలు దొంగని ఆపితే ఏమీ లేదా? తేలేదాకా నేను లేవను. వార్డు నువ్వే చూస్కో. పదినిమిషాల్లో నాలుగో బెడ్‌కి ఇంజెక్షనుంది."

నాగచైతన్య ముదీర్‌కి మెసేజ్ పెట్టి, ఫోను మోగగానే వరండాలోకి పరుగెత్తి, మాట్లాడి, చెమట తుడుచుకుంటూ వచ్చాడు.

"ముదీర్ ఒప్పుకున్నడు సిస్టర్. లేవుండ్రి."

"ఫోను నువ్వు చేశావా, ఆయన చేశాడా?"

"ఆయనే చేసిండు."

దయాకుమారి కుర్చీలోంచి కదల్లేదు. "పెట్టేసి మళ్లీ నువ్వు చెయ్యి. తెలిసిన నంబరుకి."