పడవలో ఒక్కటే పడక

మా ఆయన అంబాదాస్ కార్వారు రేవులో జవానుగా రిటైరై, లారీ మీద పడవ వేసుకుని మా ఊరు కమఠాణకు వచ్చాడు. పదహారేళ్ళు నెలకోసారి మనియార్డరు, ఏడాదికోసారి మనిషి. ఇప్పుడు మనిషితో పాటు ఒక పాత తెరచాప పడవ. మా ఊళ్ళో ఉన్నది ఎర్రమట్టి, జొన్నచేలు, ఇంటికో అడుగంటిన బావి. లారీ వాకిట్లో ఆగగానే ఊరంతా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది.

"దీన్ని ఈడికెందుకు తెచ్చినవ్?" అన్నాను.

"క్వార్టరు ఖాళీ చెయ్యమన్నరు. ఆడ పెట్టుకునే జాగా లేదు. పీరప్ప చేతిల పడితే కొత్తదైతది."

పీరప్ప మా వాడకట్టులో ఎడ్లబండ్లు చేసే వడ్రంగి. పడవ బాగుపడ్డాక మా ఆయన దాన్ని మళ్ళీ కార్వారు తీసుకెళ్తాడట. అక్కడి నుంచి ఒడ్డు వెంబడే, పొద్దుగూకినప్పుడల్లా ఏదో ఒక ఊరి దగ్గర లంగరు వేస్తూ మంగళూరు దాకా పోతాడట. చెప్తుంటే ఆ ముఖంలో వెలుగు చూడాలి. నన్ను చూసి ఏనాడూ అలా వెలగలేదు.

పుచ్చిన అడుగు పలకలు పీకేసి టేకువి వేశారు. బీదర్‌లో డేరాలు కుట్టేవాడి దగ్గర కొత్త తెరచాప కుట్టించాడు. లోపల మనిషి వంగి దూరేంత గది లేపారు. ఒకరోజు నేను చాయ్ తీసుకుని వెళ్ళేసరికి పీరప్ప ఆ గదిలో చెక్క కొలుస్తున్నాడు.

"ఒక్కటే పడకనా అన్నా? మరి వదినెకు?"

"దానికెందుకురా? అది గూడ వస్తే బర్రెను ఎవరు జూస్తరు?"

చాయ్ అక్కడే పెట్టి వచ్చేశాను. ఆ రోజు నుంచి ఆ పడవంటే నాకు పగ.

అప్పటికి రాష్ట్రానికి ఇంకా మైసూరు పేరే. కరువు మా నెత్తిన కూర్చుంది. ఎండకు పలకలు ముడుచుకుపోయి, సందులు వేలు దూరేంత తెరుచుకున్నాయి. పత్తి కూరి తారు పూసినా నిలవలేదు.

"కట్టె నీళ్ళు తాగి ఉబ్బితేనే సందులు మూసుకుంటయ్. అప్పుడే లారీని పిలుస్త" అన్నాడు. పడవ మీద గోనెపట్టాలు కప్పి, రోజూ బిందెలతో తడపమని నాకే పని చెప్పాడు.

"బాయిల బర్రెకే నీళ్ళు లేవు. నీ కట్టెకు నేను పొయ్య."

"నా పైసలతోటి బతికినవ్. యాదికుంచుకో."

"పైసలు పంపినవ్. గోడ కూలినప్పుడు వచ్చినవా? మీ అమ్మ మంచంల పడ్డప్పుడు వచ్చినవా?"

బావి చేద తాడు తీసి నా దగ్గర దాచుకున్నాను. ఆయన పక్కింటి తాడు తెస్తే బర్రెను బావికి అడ్డంగా కట్టేశాను. ఊరికి చెప్పింది బర్రె దాహమే. నా లోపలి మాట వేరు. ఆ సందులు తెరుచుకుని ఉన్నంత కాలం ఆయన ఎక్కడికీ పోలేడు. నా వయసంతా పోగొట్టి వచ్చినవాడు, ఉన్న కాస్తా కూడా వదిలి పోతానంటే ఎలా పోనిస్తాను? ప్రేమ అనుకునేరు. కాదు, కసి.

ఆ ఎండాకాలమంతా ఒకరి ముఖం ఒకరు చూడకుండా తిన్నాం.

మృగశిర రాగానే వాన దంచికొట్టింది. ఊరంతా వాకిళ్ళలోకి వచ్చి తడిసింది, ఆకాశానికి దండాలు పెట్టింది. కమఠాణలో వానను తిట్టింది నేనొక్కదాన్నే. పడవలో పడ్డ నీళ్ళు మొదట జల్లెడలో పోసినట్టు కారిపోయాయి. మర్నాటికి చుక్కలయ్యాయి. వాన తెరిపిచ్చేసరికి పడవలో మోకాలి లోతు నీళ్ళు నిలిచి ఉన్నాయి, సందుల్లోంచి మాత్రం చుక్క రాలడం లేదు.

అంబాదాస్ పడవ అడుగంతా చేత్తో తడిమి చూసుకుని నవ్వాడు.

"లోపటి నీళ్ళు బయటికి రాకుంటే, బయటి నీళ్ళు లోపటికి రావు. ఎల్లుండే లారీ. బర్రె పైలం."

బర్రె పైలం. జాగ్రత్తంతా బర్రెకే, నా ఊసే లేదు.

పేడ చేతులు కూడా కడుక్కోలేదు. కుచ్చెళ్ళు ఎగదోపి పడవ ఎక్కాను. నీళ్ళలోంచే గదిలోకి వంగి దూరి, నీళ్ళకు పైనున్న ఆ ఒక్క పడక మీద కాళ్ళు చాపి పడుకున్నాను. పీరప్ప పనితనం మంచిదే, నా పొడుగుకు సరిగ్గా సరిపోయింది.

"దిగే! పిచ్చి లేసిందా?"

"లారీని పిలువు. నేను పోత. గిన్నేండ్లు ఇల్లు నేను జూసిన, ఇగ నువ్వు జూడు."

"సముద్రం అంటే నీకేం ఎరుక?"

"బర్రె అంటే నీకేం ఎరుక?"

నోటికొచ్చినట్టు తిట్టాడు. అంచు పట్టుకుని పడవను ఊపబోయాడు, నీళ్ళ బరువుకు అది కదల్లేదు. నేనూ కదల్లేదు. పాలు పితికే వేళ దాటింది. బర్రె అరవడం మొదలుపెట్టింది. దాని అరుపు వింటే నా ప్రాణం కొట్టుకుంది, అయినా దిగలేదు. చివరికి చెంబు పట్టుకుని ఆయనే వెళ్ళాడు.

ఆ బర్రెకు ఆయన చేయి తెలియదు. పడక మీద నుంచే అంతా విన్నాను. తన్ను, చెంబు దొర్లిన చప్పుడు, ఆయన కేక.

"గుండమ్మా!"

ఊరికి తిరిగొచ్చాక ఆయన నా పేరు పలకడం అదే మొదలు. తల కింద చెయ్యి పెట్టుకుని అటు తిరిగి పడుకున్నాను.