కింది గొట్టం చల్లగానే ఉంది

కారు చెడగొట్టింది నా కొడుకు కిరీటి. నా కోడలు భానుశ్రీ కాదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

అది పాత చిన్న కారు. కోడలి జీతంతో కొన్నారు, కాగితాల మీద వాడి పేరు రాయించారు. భవానీపురం నుంచి హనుమాన్ జంక్షన్‌లో తను పాఠాలు చెప్పే హైస్కూలుకి ఆమె అందులోనే వెళ్లొస్తుంది. ఎండలు ముదిరాక అది దారిలో వేడెక్కి ఆగిపోవడం మొదలుపెట్టింది.

"ఆడవాళ్లు క్లచ్ మీంచి కాలు తియ్యరు. అదీ దాని జబ్బు," అన్నాడు వాడు.

ఆమె ఆలస్యంగా వెళితే హెడ్మాస్టరు, "ఇంటిపనులు ఇంట్లో వదిలేసి రండి మేడమ్," అన్నాడట. సోమవారం నుంచి తాళం తన దగ్గరే ఉంటుందనీ, ఆమె బస్సులో వెళ్లాలనీ మా వాడు తేల్చేశాడు.

మా ఆవిడ పోయాక ఆ ఇంట్లో చిక్కుడుకాయలు వలిచేది మేమిద్దరమే. అలా వలుస్తూ కూర్చున్నప్పుడు నాతో చెప్పింది భానుశ్రీ. పాలు కాచి, టిఫిను చేసి, బాక్సులు సర్ది, నా బీపీ మాత్ర నా చేతిలో పెట్టి, వాడి చొక్కా ఇస్త్రీ చేసి, అప్పుడు వెళ్లి కారులో కూర్చుంటే, అంతవరకూ తను ఊపిరి తీసుకున్నట్టే గుర్తుండదట. ఇంట్లో ఏ మూల కూర్చున్నా ఎవరో ఒకరు ఏదో ఒకటి ఎక్కడుందని అడుగుతారు. కారులో తను ఎవరికీ ఏమీ వెతికి పెట్టక్కర్లేదు. ఒక్కోరోజు పాడుకుంటుందట. ఒక్కోరోజు ఊరికే ఏడుస్తుందట, ఎందుకని అడిగేవాళ్లు ఉండరు గనక. "బస్సంటే నాకేం భయం లేదు మావయ్యగారూ. కానీ బస్సులో ఉన్నా ఫోన్ చేసి చింతపండు ఎక్కడ పెట్టావంటారు. డ్రైవింగులో ఉన్నానంటేనే ఫోన్ పెట్టేస్తారు," అంది. నవ్వుతూనే అంది. నాకు నవ్వు రాలేదు.

ఆ ఆదివారం హనుమాన్ జంక్షన్‌లో చుట్టాల పెళ్లికి ముగ్గురం బయల్దేరాం. తను నడిపితే ఆగదని చూపిస్తానని వాడే స్టీరింగు పట్టాడు. గన్నవరం దాటాక వేడి చూపించే ముల్లు ఎర్రగీత ఎక్కింది. బండి కుదుపులు కుదిపి ఆగిపోయింది.

"నువ్వు అరగదీసిన క్లచ్చే ఇది," అన్నాడు సీట్లోంచి లేవకుండానే.

"క్లచ్ అరిగితే వేడెందుకెక్కుతుందండీ, అదీ హైవే గాలిలో? ఫ్యాను తిరుగుతూనే ఉందిగా."

పట్టుచీర కొంగు నడుముకి దోపి ఆమె బానెట్ ఎత్తింది. పొగ తగ్గేదాకా ఆగింది. రేడియేటరు పై గొట్టం మీద వేలు పెట్టి చటుక్కున తీసేసింది. కింది గొట్టాన్ని పట్టుకుని అలాగే ఉంచింది.

"పైన కాలిపోతోంది, కింద చల్లగానే ఉంది మావయ్యగారూ. నీళ్లు దిగట్లేదు, మధ్యలో ఏదో అడ్డం పడింది."

బాగా చల్లారాక గుడ్డ వేసి మూత తిప్పింది. మూత లోపల తెల్లగా, గరుకుగా పేరుకుని ఉంది. ఆమె గోటితో గీకింది.

"మనం బోరు నీళ్లు కాచే గిన్నె అడుగున పట్టేదే ఇది. రోజూ చింతపండేసి తోముతుంటాను, నాకు తెలీదా! ఏమండీ, నీళ్లకి బదులు ఇందులో పొయ్యడానికి కూలెంటు కొనమంటే మీరేమన్నారు?"

వాడు ఆ రోజు ఏమన్నాడో నేను విన్నాను. 'నీళ్లే కదా, ఇంజనుకి మినరల్ వాటరు పోస్తారా,' అని నవ్వాడు. తను తాగేది కొనుక్కున్న టిన్ను నీళ్లు. ప్రతి ఆదివారం కారుకి పోసేది బోరు నీళ్లు.

దగ్గర్లో ఆరోన్ అనే మెకానిక్ షెడ్డు ఉంది. ఆమె స్టీరింగు పట్టింది, మేమిద్దరం తోశాం.

"ఎక్కడ ఆగింది సార్?" అని ఆరోన్ వాణ్ణి అడిగాడు. ఆమె చెప్పింది. "ఎప్పట్నుంచి సార్?" అని మళ్లీ వాణ్ణే అడిగాడు. మళ్లీ ఆమే చెప్పింది. గొట్టాల సంగతి చెప్పాక గానీ అతను ఆమె వైపు తిరగలేదు.

రేడియేటరు ఊడదీసి కడిగితే ఆ తెల్లపొరే పెచ్చులు పెచ్చులుగా ఊడొచ్చింది.

"ఇందులో ఉప్పునీళ్లు ఎవరు పోశారండీ?"

మా వాడు ఫోన్ చూసుకుంటున్నాడు. "వీడే," అన్నాను.

"ఆ క్లచ్ కూడా ఓసారి చూడవయ్యా," అన్నాడు వాడు.

"క్లచ్‌కేం సార్, భేషుగ్గా ఉంది."

అన్నీ బిగించి, కూలెంటు పోసి, కాసేపు నడిపి చూసి ఆరోన్ తాళం వాడి వైపు చాపాడు. భానుశ్రీ మధ్యలోనే అందుకుంది.

"పెళ్లికి ఆటోలో వెళ్లండి. మావయ్యగారికి ఎండ తగలనివ్వకండి."

"మరి నువ్వు?"

ఆమె కారెక్కి వెళ్లిపోయింది. పెళ్లి వైపు కాదు, ఇంటి వైపూ కాదు. పక్కనున్న కాలవగట్టు రోడ్డులోకి తిప్పింది.

"ఎక్కడికి నాన్నా? ఎక్కడికి పోతోంది?" అని వాడు రోడ్డు మీద నిలబడి అరిచాడు. నేను ఆటో పిలిచాను.

సాయంత్రానికి తిరిగొచ్చింది. తాళం తన సంచిలో వేసుకుంది. ఆ తర్వాత అది వాడి చేతికి రాలేదు. ఎక్కడికి వెళ్లిందో మర్నాడు నాకు చెప్పింది. వాడు నన్ను అడిగాడు, నేను చెప్పలేదు. ఆమె పుట్టింటివాళ్లు ఫోన్ చేసి అడిగారు, చెప్పలేదు. ఇంకెవరు అడిగినా చెప్పను. ఈ మాట ఇక నా నోట రాదు.