చంటిదానితో సరిహద్దు ఊరికి

మేడమ్ గొంతు వినిపిస్తే ఆ డిపార్ట్‌మెంట్‌లో ఫ్యాన్లు కూడా మెల్లగా తిరుగుతాయని స్టూడెంట్లు చెప్పుకునేవారు. సరిహద్దు గొడవలు, వాటి మధ్య నలిగే ఊళ్లు ఆవిడ సబ్జెక్టు. ఆవిడ కింద పరిశోధనకి చేరినవాళ్లలో చాలామంది మధ్యలోనే చేతులెత్తేశారు. ఉన్నవాళ్లలో ఆవిడకి ఎదురు చెప్పగలిగింది ఒక్కతే. మనిషి పీలగా ఉంటుంది, మాట మాత్రం ఖంగుమంటుంది. అందుకని మేడమ్ ఆ పిల్లకి 'గంట' అని పేరు పెట్టింది. పెళ్లయినా, బిడ్డ పుట్టినా ఆ పేరు పోలేదు.

అలాంటి గంట ఒకనాడు మధ్యాహ్నం చంటిపాపని చంకనేసుకుని వచ్చి, కుర్చీ అంచున కూర్చుని, "మానేస్తానండీ" అంది.

"ఏమొచ్చింది?" అంది మేడమ్.

"సరిహద్దు ఊరికి వెళ్లి అక్కడి ఆడవాళ్లతో మాట్లాడకపోతే నా పనికి అర్థం లేదు. వెళ్దామంటే దీన్ని ఎవరి దగ్గర వదలను? ఇంకా పాలు మానలేదు. అత్తయ్యకి మోకాలి ఆపరేషన్ అయింది. మా ఆయనకి సెలవు దొరకట్లేదు. మా అమ్మకి ఫోన్ చేస్తే, తుపాకులు పేలే చోటికి నువ్వెళ్లడమే ఎక్కువ, పైగా పిల్లని నా నెత్తిన పెడతావా అని కసిరింది."

మేడమ్ కళ్లజోడు తీసి తుడుచుకుంది. తన చదువు రోజుల్లో ఒక పెద్దమనిషి, "ఆడపిల్లవి, నీకెందుకమ్మా ఈ తుపాకుల గోల? లైబ్రరీలో కూర్చుని చేసుకునేదేదైనా చూసుకో" అన్నాడు. పంతం కొద్దీ ఆవిడ ఒంటరిగా వెళ్లింది. వెళ్లిన ప్రతిసారీ ఎంత బిక్కుబిక్కుమంటూ గడిపిందో ఆవిడకే తెలుసు.

"దీన్ని కూడా తీసుకొచ్చెయ్. నేనూ వస్తా. నువ్వు మాట్లాడుతున్నంతసేపూ నేను ఎత్తుకుంటా."

గంట నోరెళ్లబెట్టింది. "మీరా?"

"ఏం, నాకు చేతుల్లేవా?"

చేతులైతే ఉన్నాయి గానీ వాటికి పిల్లల్ని ఎత్తుకునే అలవాటు లేదు. బస్సు ఊరు దాటేలోపే పాప ఆవిడ కళ్లజోడు లాగి ఒక పుల్లని నోట్లో పెట్టుకుంది. ఇస్త్రీ బట్టల మీద పాలు కక్కింది. "నీ అసాధ్యం కూలా!" అంటూనే మేడమ్ రుమాలుతో దాని మూతి తుడిచింది. కాసేపటికి పాప ఆవిడ భుజం మీద నిద్రపోయింది. చెయ్యి తిమ్మిరెక్కి మొద్దుబారినా ఆవిడ కదల్లేదు.

వాళ్లు వెతుక్కుంటూ వెళ్లింది ఒక బడి టీచరు కోసం. బడి వెనక గోడ దాటితే పొలం, పొలం దాటితే ఇనప కంచె. గోడకి తూట్లు పడ్డ చోటల్లా సిమెంటు మెత్తారు. పిల్లలు ఆ మెత్తిన చోట్లకి కళ్లూ ముక్కూ గీసి బొమ్మలు చేశారు. టీచరమ్మ భర్త కొన్నేళ్ల కిందట కాల్పుల్లో పోయాడు. ఆవిడ ఊరు వదల్లేదు, బడీ వదల్లేదు.

కుర్చీలు వేసింది, టీ ఇచ్చింది, పాపని ముద్దు చేసింది. అసలు సంగతి ఎత్తేసరికి మాత్రం మొహం మారిపోయింది. "వచ్చినవాళ్లందరూ అడిగేది ఒకటే, ఎవరు పోయారు, ఎలా పోయారు అని. రాసుకుని వెళ్తారు. మళ్లీ మొహం చూపించరు. ఏమీ అనుకోకండమ్మా."

మేడమ్ ఏదో నచ్చజెప్పబోతే గంట కళ్లతోనే వద్దంది. మర్నాడు ఊరికే వస్తామని, పిల్లల్ని చూసి పోతామని చెప్పి లేచింది.

మర్నాడు పాఠం మధ్యలో కంచె వైపు నుంచి మొదటి చప్పుడు వచ్చింది. టీచరమ్మ గొంతు పెంచకుండానే, "లేవండి, వరసలో" అంది. పిల్లలు అలవాటైన పనిలా నేల కింది గదిలోకి దిగారు. మేడమ్ పాపని రెండు చేతులా అదుముకుని వాళ్ల వెనకే దిగింది.

కింద చీకట్లో పాప గుక్కపట్టింది. తల్లి ఎత్తుకున్నా ఊరుకోలేదు, పాలిచ్చినా తాగలేదు. మేడమ్ మళ్లీ తీసుకుంది. ఆవిడకి జోలపాటలు రావు. నోటికొచ్చింది పాఠమొక్కటే. "సరిహద్దు అనగానేమి? ఒక గీతకి ఇరువైపులా..." అని క్లాసులో చెప్పినట్టే మొదలుపెట్టింది. పాప ఏడుపు సన్నగిల్లింది. కాసేపటికి కళ్లు మూసింది.

"ఆ పాఠానికి మేమందరం అలాగే పడుకునేవాళ్లం" అంది గంట, మెల్లగా.

టీచరమ్మ ఫక్కున నవ్వేసింది. పిల్లలు నవ్వారు. బెదిరిన మేడమ్‌కి కూడా నవ్వొచ్చింది. పైన చప్పుళ్లు ఆగలేదు. ఆ చప్పుళ్ల మధ్యే టీచరమ్మ గంట పక్కకి జరిగి చెప్పడం మొదలుపెట్టింది. భర్త పోయిన కబురు బడికి వచ్చేసరికి ఇదే గదిలో పిల్లలతో ఉందిట. వాళ్ల అమ్మానాన్నలు వచ్చి తీసుకెళ్లేదాకా ఎవరికీ తెలియనివ్వకుండా కథలు చెబుతూ కూర్చుందిట. ఆ పొద్దున ఆయనతో గొడవపడిందనీ, మాట్లాడకుండానే పంపేసిందనీ కూడా చెప్పింది.

కాల్పులు ఆగాక, బయటికొచ్చాక మేడమ్ అడిగింది. "రికార్డు చేశావా?"

"లేదండీ."

"ఏమిటీ! ఇలాంటిది మళ్లీ దొరుకుతుందా?"

"ఆవిడ మాట్లాడింది నాతోనండీ, నా థీసిస్‌తో కాదు. రేపు అడుగుతాను. సరే అంటేనే రాస్తాను."

మేడమ్‌కి ఒక్క క్షణం చిర్రెత్తుకొచ్చింది. మరుక్షణం ఆ పిల్లని చూస్తుంటే కడుపు నిండినట్టయింది. పాపని ఇంకో భుజం మీదికి మార్చుకుంది.

మర్నాడు గంట అడిగేసరికి టీచరమ్మ, "పిల్లలకి కథలు చెప్పిన సంగతి రాసుకో. పొద్దుటి గొడవ మాత్రం నాది. అది నాకే ఉంచు" అంది. గంట అలాగే చేసింది.

ఊరికి తిరిగొచ్చాక మేడమ్ తిన్నగా వెళ్లి యూనివర్సిటీ ఆఫీసులో కూర్చుంది. ఇలాంటి ఊళ్లకి వెళ్లే ఆడపిల్లలు తోడుగా ఒక మనిషినీ, చంటిబిడ్డ ఉంటే బిడ్డనీ తీసుకెళ్లొచ్చని, ఆ ఖర్చు యూనివర్సిటీయే పెట్టుకోవాలని పట్టుబట్టింది. ఇవాళ కాదు రేపు అన్నారు. రేపూ వెళ్లి కూర్చుంది. ఆవిడ పోరు పడలేక చివరికి ఒప్పుకున్నారు.

రాసింది అచ్చుకి పంపేముందు టీచరమ్మకి చదివి వినిపిస్తానని గంట పట్టుబట్టింది. ముగ్గురూ మళ్లీ బయల్దేరారు. ఈసారి పాప బడి వసారా అంతా తప్పటడుగులు వేస్తూ తిరిగింది. టీచరమ్మ కళ్లు మూసుకుని మొత్తం విని, ఒకచోట చెయ్యి ఎత్తింది.

"అక్కడ ఆపు. కబురు విని ఏడ్చానని రాశావే?"

"ఏడవలేదా అక్కా?"

"లేదు. ఒళ్లు మండిపోయింది. ఆ కోపం ఇప్పటికీ తగ్గలేదు. అదే రాయి."

గంట 'ఏడ్చింది' అన్న మాట కొట్టేసింది. టీచరమ్మ పక్కకి జరిగి, తన మాటలు సరిగ్గా పడుతున్నాయో లేదో చూసుకుంటూ కూర్చుంది. మేడమ్ పాప చెయ్యి పట్టుకుని వసారా చివరిదాకా నడిపిస్తోంది.