రెస్టులో ఉన్న మోకాలు

“ఇంట్ల ఉండేదానికి కాలేం అరుగుతది” అంటూ అత్త బాలి, బియ్యం చాట తెచ్చి సువర్ణ ముందు పెట్టింది. సువర్ణ ఎడమ మోకాలిని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా గొంతుక్కూర్చుంది. కబడ్డీలో గీత అందుకోబోయి మెలితిరిగి లిగమెంట్ తెగిన మోకాలు అది. ఆపరేషన్ అయి ఐదు నెలలు. ఇంకో మూడు నెలల్లో రాష్ట్ర జట్టు ఎంపికలు. ఇరవై ఆరేళ్లు దాటిన తనను ఆ తర్వాత ఎవరూ పిలవరని ఆమెకు తెలుసు.

ఏన్కూరు దగ్గరి ఆ తండాలో ఆమెను ఎవరూ కష్టపెట్టలేదు. ఆ మాట అందరూ చెప్పేవాళ్లు. పత్తి చేనుకు పంపలేదు, కట్టెలు మోయనివ్వలేదు, రెస్టు తీసుకోమన్నారు. రెస్టంటే వాకిలి ఊడవడం, పొయ్యి ముందు కూర్చుని లేవడం, గిన్నెల దగ్గర కూర్చుని లేవడం, బట్టల దగ్గర, కోళ్ల గంప దగ్గర, అత్త మరిచిపోయిన ఉప్పు డబ్బా దగ్గర. పొద్దున అరగంట గోడకు ఆనుకుని కాలికి కసరత్తు మొదలుపెడితే మాత్రం, పని తప్పించుకునే ఉపాయం దవాఖానాలో మంచిగ నేర్పిన్రని బాలి పక్కింటికి వినబడేలా అనేది. మొగుడు కోటేష్ కసురుకునే మనిషి కాదు. వంగి లేస్తే అదే ఎక్సర్‌సైజ్ గదా అని నవ్వేవాడు. పోయినేడు వాలీబాల్ ఆడుతూ అతడి మడమ బెణికితే నలభై రోజులు మంచం దిగలేదు. నీళ్ల చెంబు మంచం దగ్గరికే వెళ్లింది. అప్పుడీ ఇంట్లో ఎక్సర్‌సైజ్ మాట ఎవరూ ఎత్తలేదు.

నొప్పిని ఆమె ఓర్చుకునేది. ఎడమ కాలి మీద ఒంటికాలి గెంతు వేయబోతే పాదం నేలను వదలకపోవడమే ఆమెను భయపెట్టేది. మళ్లీ తెగితే ఏమంటారో ముందే చెవుల్లో వినబడేది. ఆ మాట అననివ్వకూడదని పళ్లు బిగించేది. బిగించినకొద్దీ కాలు రాయయ్యేది.

ఆ వారం ఖమ్మంలో ఫిజియో పుష్పలత మోకాలు నొక్కి చూసింది. వాపుకు మోకాలిచిప్ప నీళ్ల మీద తేలినట్టు కదిలింది.

“ఏం జేసినవ్ ఈ వారం? పరుగెత్తినవా?”

“ఏం జేయలే మేడం. ఇంట్లనే ఉన్న.”

పుష్పలత గద్దించలేదు. నిన్న లేచిన దగ్గరి నుంచి పడుకునేదాకా చెప్పమంది. సువర్ణ సిగ్గుపడుతూ మొదలుపెట్టింది, ఇవి కూడా చెప్పాలా అని. పుష్పలత కాగితం మీద గీతలు గీస్తూ వింటోంది. చెప్పడం మధ్యాహ్నందాకా వచ్చేసరికి సువర్ణ గొంతులో సిగ్గు పోయింది.

“అరవై ఎనిమిది సార్లు గొంతుక్కూసున్నవ్,” అంది పుష్పలత. “ఆటగాళ్లకు ఈ నెలల నేను ఇరవై గూడ దాటనియ్య. అది గూడ సగం వరకే.”

అరవై ఎనిమిది. వాటిని తను కూడా పనిలో కలపలేదు. ఇంట్లనే ఉన్నానంటూ అత్త మాట తన నోటి నుంచే వచ్చింది. కోపం మొదట తన మీదికే వచ్చింది. కానీ అది తనొక్కతే మోయాల్సిన కోపం కాదు.

బయట కూర్చున్న కోటేష్‌ను పుష్పలత లోపలికి పిలిచింది. వాపు పోనిదే పరుగు లేదని, ఇలాగే ఉంటే ఎంపికలు మరిచిపోవాలని చెప్పింది. అతడు నిజంగానే బాధపడ్డాడు.

“మేమైతే ఏం పని జెప్తలేం మేడం. ఫుల్ రెస్టే.”

అతడు అబద్ధమాడటం లేదు. అదే ఆమెను మండించింది. అలవాటుగా ఊగబోయిన తలను ఆపుకుంది.

“ఎంపికలయ్యేదాక నేను నా కాలు సూసుకుంట,” అంది సువర్ణ, మోకాలి మీంచి చెయ్యి తియ్యకుండా. “ఆ రెస్టు రేపటి సంది నువ్వు తీస్కో.”