అక్క గడ్డలో మారిన అక్షరం

అక్క ఛాతీలోంచి తీసిన గడ్డను జన్యు పరీక్షకు పంపారని విన్నప్పటినుంచీ చెల్లెలికి కంటిమీద కునుకు లేదు. ఇద్దరూ కవలలు, అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటారు. చిన్నప్పుడు ఒకరు అల్లరి చేస్తే రెండోవాళ్ల వీపు పగిలేది.

మొదట అక్క కుడి రెప్ప వాలిపోయింది. నిద్ర చాలక అనుకున్నారు. తరవాత ముద్ద నమలడానికి దవడలు మొరాయించాయి. స్కాన్ తీస్తే రొమ్ము ఎముక వెనక, థైమస్ అనే చిన్న గ్రంథిలో గడ్డ కనిపించింది. ఎక్కడో నూటికి కోటికి ఒకరికి వస్తుందట. ఆ గడ్డ వల్లే కండరాలు ఇట్టే అలిసిపోయి వాలిపోతున్నాయన్నారు.

అప్పటినుంచీ తన రెప్ప కూడా వాలుతోందేమోనని చెల్లెలు అద్దం ముందే కాపురం పెట్టింది. అక్క ఇంటికి వెళ్లినా ఆమె ముఖంకేసి చూడలేకపోయేది.

చెల్లెలి పని డ్రైవింగ్ నేర్పడం. ఆ పొద్దున ఎదురుగా వస్తున్న బస్సు ఆమెకు రెండు బస్సులుగా కనిపించింది. అక్క జబ్బులో చూపు ఇలాగే అవుతుందని విని ఉంది. నేర్పేవాళ్ల కోసం తన వైపు విడిగా ఉన్న బ్రేకు గట్టిగా తొక్కేసింది.

"నేనేం తప్పు చేశానండీ?" అంది స్టీరింగ్ పట్టుకున్నావిడ, బిక్కచచ్చిపోయి.

"మీరేం చెయ్యలేదమ్మా. ఇవాళ్టికి చాలు."

అక్క దగ్గరికి వెళ్లి గుమ్మంలోనే చతికిలపడింది.

"నన్ను చూసి అంత జడుసుకుంటావేంటే?" అంది అక్క.

"నిన్ను చూసి కాదక్కా. నన్ను చూసి."

అక్క చెప్పులేసుకుంది. "పద. నా రిపోర్టు కూడా ఇవాళే ఇస్తామన్నారు."

"గడ్డ కణాల్లో ఒక జన్యువులో ఒక్క అక్షరం మారింది," అంది ఆసుపత్రిలో డాక్టరమ్మ, రిపోర్టు చూస్తూ.

చెల్లెలు కుర్చీ ముందుకు జరుపుకుంది. "అయితే నాలోనూ మారే ఉంటుంది కదండీ?"

"ఉండదమ్మా. అది పుట్టుకతో వచ్చింది కాదు. ఎప్పుడో ఆ గ్రంథిలో ఒక కణం రెండుగా చీలేటప్పుడు దొర్లిన పొరపాటు. మీ అక్క రక్తంలోనూ వెతికాం, అక్కడ లేదు."

"మరి నాకు బస్సు రెండుగా కనిపించింది!"

డాక్టరమ్మ వేలు పైకెత్తింది. "రెప్ప వెయ్యకుండా దీన్నే చూడండి. ఆ జబ్బే అయితే కాసేపటికి రెప్ప దానంతటదే వాలుతుంది."

పక్కన అక్క కూడా తల ఎత్తి చూసింది. కాసేపటికి అక్క రెప్ప మెల్లమెల్లగా దిగిపోయింది. చెల్లెలిది దిగలేదు. హమ్మయ్య అనుకుంది చెల్లెలు. మరుక్షణం, ఎవరి రెప్ప వాలితే తనకు ఊపిరాడిందో గుర్తొచ్చి తల దించుకుంది.

అనుమానం ఉంచుకోవడమెందుకని డాక్టరమ్మ చెల్లెలికీ స్కాన్ తీయించింది. ఏమీ లేదు. బస్సు సంగతి నిద్రలేమి వల్లేనంది. అక్క గడ్డను పూర్తిగా తీసేశామనీ, ఈ మార్పున్న గడ్డలు చాలావరకు నెమ్మదిగానే పెరుగుతాయనీ, అయినా ఏళ్ల తరబడి ఓ కన్నేసి ఉంచాలనీ చెప్పింది.

వరండాలోకి రాగానే చెల్లెలు వెక్కివెక్కి ఏడ్చింది.

"నీకు లేదనా, నాకుందనా ఏడుపు?" అంది అక్క, కొంగుతో ఆమె ముక్కు తుడుస్తూ.

చెల్లెలు ఆ కొంగులోనే మొహం దాచుకుంది. అక్క చెయ్యి మాత్రం వదల్లేదు.